బోర్లించి చూసే మనిషి

పోయిన నెల మా హైస్కూలు స్టాఫ్ రూములోకి మైక్రోవేవ్ ఓవెన్ వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు వెళ్తూ వెళ్తూ కొనిచ్చి పోయారు. మొదటి రోజు మధ్యాహ్నం, కొత్తగా చేరిన తెలుగు టీచరమ్మ ఐస్‌క్రీం డబ్బాలో తెచ్చుకున్న వంకాయ కూరను అందులో పెట్టబోతుంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు పోయింది. ఆమె చేతిలోంచి డబ్బా అందుకుని, మూత గట్టిగా అదిమి పట్టి, తలకిందులు చేసి అడుగు చూశాను.

“ఏం సార్, రేటు చూస్తాండారా?” అని ఆమె నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కూరను పింగాణీ గిన్నెలోకి వంచి ఇచ్చాను. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. డబ్బాను అలా తిప్పి చూసే అలవాటు నాది కాదు. ఒక పెద్దాయనది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు నాకు తెలుసు గానీ, మేం కలుసుకున్న చోట ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచేవారు కాదు. “డబ్బాల పెద్దాయన” అనేవారు. నేనూ అంతే.

మూడేళ్ల కిందట మా అక్కకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. బావ పోయినప్పటి నుంచీ ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. బుధవారం, శనివారం అనంతపురంలో ఒక ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకుపోవాలి. పన్నెండుకు మిషన్ తగిలిస్తే నాలుగింటికి తీస్తారు. ఆ నాలుగు గంటలూ వెంట వచ్చినవాళ్లం వరండాలో కూర్చుని గోడ చూస్తూ ఉండాలి. వార్డు చివర ఒక చిన్న గది ఉండేది. అందులో ఒక సింకు, ఒక కడప బండ, బండ మీద ఒక పాత ఓవెన్. గార్లదిన్నె వైపు నుంచీ శింగనమల వైపు నుంచీ తెల్లవారకముందే బస్సులెక్కి వచ్చే వాళ్లు, తెచ్చుకున్న సంగటో అన్నమో మధ్యాహ్నానికి చల్లారిపోతుంది కాబట్టి, అక్కడ వేడి చేసుకునేవారు.

మొదటి శనివారం నేను స్కూలు నుంచి నేరుగా పరిగెత్తాను. దారిలో అక్క కోసం రెండు చపాతీలు కట్టించుకున్నాను. హోటలు వాడు సిల్వర్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. అలాగే ఓవెన్‌లో పెట్టి బటన్ నొక్కాను. గుర్రుమని మొదలైందో లేదో లోపల చిటపటా నీలి మెరుపులు. నేను బిత్తరపోయి చూస్తూండగానే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ప్లగ్గు పీకేసింది.

“ఏమప్పా, ఆస్పత్రికి అగ్గి పెడ్తాండావా?”

అరవై దాటిన మనిషి. బక్కపలచగా, ఎండకు మాడి నల్లబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె, భుజం మీద టవలు, ఒక కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్లద్దాలు. నా వైపు మళ్లీ చూడలేదు. చపాతీలు బయటికి తీసి, మీది కాగితం ఒలిచేసి, తన సంచిలోంచి మందపాటి గాజు గిన్నె ఒకటి తీసి అందులో వేశాడు. వేళ్లతో నాలుగు చుక్కల నీళ్లు చల్లాడు. మూత పూర్తిగా మూయకుండా ఒక పక్కకు జరిపి పెట్టాడు.

“అరనిమిషం చాలు. మూత బిగిస్తే ఆవిరి యాడికి పోతాది? పేల్తాది,” అన్నాడు.

ఆయన భార్యది మా అక్క పక్క మంచం. ఆడవాళ్లిద్దరూ మిషన్ల మధ్య పడుకుని నాలుగు గంటలూ మాట్లాడుకునేవారు. అలా నేను ఫిజికల్ సైన్సు టీచరునని ఆయనకు తెలిసింది. తర్వాతి బుధవారం గిన్నె తుడుచుకుంటూ అడిగాడు.

“సైన్సు సారంట గదా నువ్వు?”

“అవును పెద్దాయనా.”

“ఏమేం చెప్తావు పిల్లోళ్లకు?”

“కరెంటు, వెలుగు, అయస్కాంతం... అట్లాంటివి.”

“మరి సిల్వర్ కాగితం ఎట్ల పెడ్తివప్పా?”

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఆయన్ని అక్కడ ఎవరూ నియమించలేదు. భార్యను మిషన్ మీద పడుకోబెట్టి, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్ది, తిన్నగా ఆ గదిలోకి వచ్చి ఓవెన్ పక్కన నిలబడేవాడు. ఎవరు ఏ డబ్బా తెచ్చినా ముందు తన చేతికి ఇవ్వాల్సిందే. అందుకుని బోర్లించేవాడు. లోపల చారు ఉన్నా, పెరుగు ఉన్నా ఒక్క చుక్క కారనిచ్చేవాడు కాదు, మూత మీద అరచెయ్యి అట్లా పెట్టేవాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి అడుగున ఏముందో వెతికేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఓవెన్‌లో పెట్టదగ్గ డబ్బాల అడుగున అలల్లాగా మూడు వంకర గీతలు ఉంటాయి కదా, దాన్ని మాత్రం గుర్తుపట్టేవాడు. దాని పేరు ఆయన లెక్కలో నీళ్ల గుర్తు.

“నీళ్ల గుర్తు లేదు తల్లీ. దీంట్లో వద్దు.”

“మొన్న పెడితి గదా పెద్దాయనా, ఏం కాలేదు.”

“మొన్న నేను చూడలేదు.”

నీళ్ల గుర్తు ఉన్నా ఆయనకు పూర్తి నమ్మకం కుదిరేది కాదు. గీతలు పడిన డబ్బా అయితే వద్దనేవాడు. రంగు వెలిసినదైతే వద్దనేవాడు. హోటలు వాళ్లు పాలిథిన్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే సాంబారును ఎవరైనా కవరుతోనే లోపల పెట్టబోతే, మాటల్లేవు, చేతిలోంచి లాక్కునేవాడు. స్టీలు క్యారియర్లు తెచ్చినవాళ్ల మీద మాత్రం కోపం ఉండేది కాదు. “ఇంట్లో తినేదానికి ఇంతకు మించింది లేదు. దీని లోపలికి మాత్రం పనికిరాదు,” అని తన గాజు గిన్నెలోకి వంపించేవాడు. ఆ గిన్నె ఒక్క మధ్యాహ్నంలో పది పన్నెండు మందికి తిరిగేది. ప్రతిసారీ తనే కడిగేవాడు. వేడి గిన్నె మీద చన్నీళ్లు పడితే పగులుతుందని, చల్లారేదాకా టవల్లో పెట్టుకుని నిలబడేవాడు.

పింగాణీని చూపుతో కాదు, చెవితో పోల్చేవాడు. గోటితో అంచు మీద ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే సరే. టప్పుమంటే అది పింగాణీలాగా కనబడే ప్లాస్టిక్కు అని తిప్పి పంపేవాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే పరీక్ష పెట్టేవాడు. ఖాళీ గిన్నెను ఓవెన్‌లో ఉంచి, పక్కన గాజు గ్లాసుతో నీళ్లు పెట్టి, ఒక్క నిమిషం తిప్పేవాడు. తర్వాత గిన్నెను తాకి చూసేవాడు. నీళ్లు కాగి గిన్నె చల్లగా ఉంటే మంచిది. నీళ్లు చల్లగా ఉండి గిన్నె కాలితే పక్కన పెట్టించేవాడు. ఆ పరీక్ష ఎవరు చెప్పారని అడిగితే, “ఈడికొచ్చే ఒక నర్సమ్మ చెప్పింది. ఆమె ఇప్పుడు లేదులే,” అన్నాడు.

అది ఎందుకు అలా అవుతుందో నేను చెప్పాను. ఓవెన్ నిప్పులాగా బయటి నుంచి కాల్చదని, కంటికి కనబడని తరంగాలతో తిండిలో ఉన్న నీటిని కదిలించి వేడెక్కిస్తుందని, మంచి గిన్నె ఆ తరంగాలను అడ్డుకోకుండా, తను మింగకుండా లోపలికి పోనిస్తుందని. శ్రద్ధగా విన్నాడు.

“అంటే నీళ్లుండేదే వేడైతాదంటావు.”

“దాదాపు అంతే.”

“అట్లయితే మా ఊర్ని మొత్తం తెచ్చి దీంట్లో పెట్టినా ఏం కాదు సారూ.” ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. శింగనమల చెరువుకు ఆవల వాళ్ల ఊరు. ఆరు బోర్లు వేశాడట. ఆరూ దుమ్ము చిమ్మాయి.

ఒక బుధవారం, తమ్ముడి కోసం వచ్చిన ఒకాయన బంగారు అంచున్న పింగాణీ పళ్లెం తెచ్చాడు. తెల్ల చొక్కా, వెంట ఇద్దరు మనుషులు. ఊళ్లో మాట చెల్లే మనిషని నిలబడిన తీరే చెబుతోంది. పెద్దాయన పళ్లెం అంచు చూసి, “అన్నా, ఆ గీత జరీ లెక్క. మెరుపులొస్తాయి,” అన్నాడు. “నువ్వేమన్నా డాక్టరువా? జరుగప్పా,” అన్నాడు ఆయన. పెద్దాయన జరిగాడు. మెరుపులు వచ్చాయి. పళ్లెం అంచు నల్లగా మాడింది. తెల్ల చొక్కా ఆయన పళ్లెం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. పెద్దాయన ఓవెన్ లోపల తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

“గట్టిగా చెప్పాల్సింది గదా,” అన్నాను నేను.

“చెప్తి గదా సారూ. ఇనకపోతే ఏం జేస్తాం?” తుడుస్తూనే ఉన్నాడు. కాసేపటికి, నాతోనో ఓవెన్‌తోనో తెలియకుండా అన్నాడు: “వార్డులో మిషన్‌కు చెప్తే ఇంటాదా, డాక్టర్లు చెప్తే ఆ కిడ్నీలు ఇంటాయా. ఈ డబ్బాలన్నా ఇంటాయని ఈడ నిలబడితి.”

ఆ మాట వెనక ఏముందో ఆయన చెప్పలేదు. ఆయన భార్య మా అక్కతో చెప్పింది.

బోర్లు ఎండిపోయి వేరుసెనగ మూడేళ్లు వరసగా పోయాక, ఆయన గాలిమరల కంపెనీ వాళ్ల గెస్ట్ హౌసుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. కొండ మీద ఉండేది అది. వంటగదిలో ఓవెన్ ఉండేది. వచ్చిపోయే ఇంజినీర్లు హోటలు నుంచి బిర్యానీలు తెప్పించుకుని, ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు పారేసేవారు. ఇంత బాగుండాయి, పారేసేదెందుకని ఆయన అవన్నీ కడిగి దాచాడు. భార్య పగలంతా కూలికి పోయి సాయంత్రం కొండెక్కి వచ్చేది. ఆమె వచ్చేసరికి సంగటీ పులుసూ ఆ డబ్బాల్లో వేడి చేసి చేతిలో పెట్టేవాడు. డబ్బాలు వేడికి వంగిపోయేవి, మూతలు ముడుచుకుపోయేవి. వంగిపోతే ఇంకొకటి. అలా నాలుగేళ్లు.

“నా జన్మలో ఒగరు వేడిగా కూడు చేతికిస్తే తినింది ఆ నాలుగేండ్లే అక్కా,” అన్నదట ఆమె.

తర్వాత ఆమె కాళ్లు ఉబ్బాయి. ముఖం ఉబ్బింది. అనంతపురం తెస్తే కిడ్నీలు పోయాయన్నారు. డయాలసిస్ మొదలుపెట్టిన వారమే ఈ గదిలో ఆయన పాత అలవాటుగా ఒక నల్ల డబ్బాను ఓవెన్‌లో పెట్టబోతే ఆ నర్సమ్మ చూసింది. గిన్నెల పరీక్ష నేర్పింది ఆమే. మంచిదే చెప్పింది. కానీ చెబుతూ చెబుతూ ఒక మాట కూడా అంది: “ఇట్ల ప్లాస్టిక్‌లో కాచి కాచి పెడితే కిడ్నీలు పోక ఏమయితాయి?” ఆమె అని మరిచిపోయి ఉంటుంది. వేరే ఊరికి మారిపోయింది కూడా. ఈయన మాత్రం ఆ రోజే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా తీసి గడప బయట పడేశాడు. గాజు గిన్నె కొన్నాడు. ఆ నాలుగేళ్లలో ఎన్ని సాయంత్రాలో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు.

“ఆయప్పకు నేనెంత చెప్పినా ఎక్కదు,” అందట భార్య. “నాకు బీపీ వచ్చి పదేండ్లాయ. మాత్రలు ఇస్తే మింగలేదు. మోకాళ్ల నొప్పులని ఊర్లో సూదులేయించుకుంటి, రంగు రంగు మాత్రలు తెచ్చుకుని పొలంలోనే మింగితి. డాక్టరు అదే అంటాండాడు. ఆయప్ప మాత్రం, నన్ను కాపాడేకి నువ్వు అట్లంటాండావు అంటాడు.”

అక్క ఇది నాకు ఇంకా చెప్పని రోజుల్లోనే ఆ శనివారం వచ్చింది.

మిషన్ మీద ఉండగా ఆయన భార్యకు బీపీ ఒక్కసారిగా పడిపోయింది. అలారం మోగింది. టెక్నీషియన్లు పరిగెత్తారు. మమ్మల్ని బయటికి పంపించారు. అరగంటకు మళ్లీ తేరుకుంది. ఆయన వరండాలో కూర్చోలేదు, నేరుగా గదిలోకి పోయాడు. నేను వెనకే వెళ్లాను. ఓవెన్ ముందు ఎవరూ లేరు. గాజు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“సారూ, ఒగ మాట అడగల్ల.”

“అడుగు పెద్దాయనా.”

“నువ్వు చదువుకున్నోడివి. మా ఇంటామె లెక్క నాకు సర్దిచెప్పే పని లేదు నీకు. ప్లాస్టిక్ డబ్బాలో వేడి చేసి పెడితే కిడ్నీలు పోతాయా?”

నేను అప్పుడు “పోవు” అనాల్సింది. లేదా “ఆమెకు పోయింది దానివల్ల కాదు” అనాల్సింది. కనీసం, నాకు తెలియదు, డాక్టరును అడిగి చెబుతాను అనాల్సింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు, నిరూపణ కానిదాన్ని గట్టిగా చెప్పకండి అని నేర్పిన నోరు ఇది. గొంతు సవరించుకున్నాను.

“అట్లా ఖచ్చితంగా చెప్పలేం పెద్దాయనా. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను వేడి చేస్తే కొన్ని రసాయనాలు తిండిలోకి దిగుతాయంటారు. అవి ఒంటికి మంచివి కావు. అయితే కిడ్నీలకీ దానికీ నేరుగా సంబంధం ఉందా లేదా అనేది...”

ఆయన తల ఊపుతున్నాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

“అంటే ఉండొచ్చు,” అన్నాడు.

“అది కాదు నేను చెప్పేది...”

లోపలి నుంచి అక్క పేరు పిలిచారు. మిషన్ తీసే వేళయింది. నేను వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన భార్యను వీల్‌చైరులో కూర్చోబెట్టుకుని గేటు దాటుతున్నాడు. పిలిస్తే వినబడే దూరమే. పిలవలేదు. బుధవారం చెబుదాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అక్కతో జరిగింది చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. అప్పుడు ఆ గెస్ట్ హౌసు సంగతీ, నల్ల డబ్బాల సంగతీ, భార్య చెప్పిన మాటలూ అన్నీ వివరంగా చెప్పింది.

“అంతమంది చెప్పినా నమ్మనోడు నిన్ను నమ్మి అడిగినాడు. ఒక్క మాట, కాదు అని చెప్పేకి నీ నోరేమన్నా పడిపోయిందారా?” అంది.

సోమవారం స్కూలుకు సెలవు పెట్టి కిడ్నీ డాక్టరును కలిశాను. ఆయన, పెద్దాయన భార్య కాగితాలు చూసి చెప్పాడు: ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, నొప్పి మాత్రలు, అదీ కారణం. డబ్బాలు కాదు. “నాసిరకం ప్లాస్టిక్‌లో వేడి చేయకపోవడం ఎవరికైనా మంచిదే, కానీ ఈమె జబ్బు అక్కడి నుంచి రాలేదు. ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను, వింటాడు, తల ఊపుతాడు,” అన్నాడు.

బుధవారం ఆ పక్క మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. పెద్దాయన భార్య మంగళవారం పొద్దున ఊళ్లోనే పోయిందని టెక్నీషియన్ చెప్పాడు. మా అక్క ఆ నాలుగు గంటలూ గోడ వైపు తిరిగి పడుకుంది.

దినాలు అయిన తర్వాతి శనివారం నేను గదిలోకి వెళ్లేసరికి ఆయన ఉన్నాడు. గుండు మీద టవలు కప్పుకుని, ఓవెన్ పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే. బస్సెక్కి ఒక్కడే వచ్చాడు. ఎవరూ ఆయన్ని ఎందుకు వచ్చావని అడగలేదు. నేనూ అడగలేదు.

“పెద్దాయనా, ఆ రోజు నువ్వు అడిగినావే, నేను డాక్టరుతో...”

“మీ అక్క డబ్బా తే సారూ. చల్లారిపోతాది.”

ఇంకో శనివారం మళ్లీ ప్రయత్నించాను. వెనక ఎవరో ముసలామె నిలబడి ఉందని ఆమె డబ్బా అందుకున్నాడు. మూడోసారి ఆ మాట ఎత్తబోతూంటే గిన్నె కడగడానికి సింకు దగ్గరికి పోయాడు. తర్వాత నేనూ మానేశాను. వద్దంటే ఎందుకు నొప్పించడం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆయన నా ముఖంలోకి చూసే తీరు నేను తట్టుకోలేకపోయాను.

అలా ఏడెనిమిది నెలలు వచ్చాడు. మధ్యలో గుంతకల్లులో ఉన్న కూతురు తీసుకుపోయింది. అల్లుడికి రైల్వేలో ఉద్యోగం. పది రోజులకే తిరిగి వచ్చేశాడు. “వాళ్లింట్లో గిన్నెలన్నీ బోర్లించి చూస్తి సారూ. మనవరాలి పాలగ్లాసు ప్లాస్టిక్‌ది, పడేస్తి. అల్లునికి కోపమొచ్చింది. వాని తప్పేం లేదు,” అన్నాడు.

ఆ ఏడు వానలు కాస్త ముందే పడ్డాయి. విత్తనాల వేరుసెనగ కోసం క్యూలో నిలబడాల్సి వచ్చి ఒక బుధవారం ఆయన రాలేదు. ఆ బుధవారమే ఎవరో స్టీలు టిఫిను మూతతో సహా లోపల పెట్టి, బటన్ నొక్కి, బయటికి వెళ్లి ఫోనులో పడిపోయారు. లోపల మెరుపులు లేచి, ప్లాస్టిక్ సంచి ఏదో కూడా ఉండి అంటుకుని, గది నిండా పొగ కమ్మింది. రోగులను మిషన్ల నుంచి తీయాల్సినంత పని కాలేదు గానీ, అందరూ భయపడ్డారు. మర్నాడే ఓవెన్ తీసేశారు. గది తలుపుకు తాళం వేశారు.

శనివారం ఆయన వచ్చి ఆ తాళం చూశాడు. మేనేజరు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

“సారూ, నేను కాపలా ఉంటా. జీతం వద్దు. రోజూ వస్తా.”

మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. “పెద్దాయనా, నువ్వుంటే ఏం కాదని నాకూ తెలుసు. నువ్వు లేనప్పుడు ఏమైతాదో చూసినాం గదా. ఇక్కడ ఆక్సిజన్ ఉంటాది. నా చేతిలో లేదు,” అన్నాడు.

“ఈ మధ్య రాకపోయింది ఆ ఒక్క రోజే సారూ.”

“తెలుసు. ఏం చేసేది?”

ఆయన లేచాడు. వరండాలో పొట్లాలు విప్పుకుని చల్లటి సంగటి ముద్దలు తింటున్నవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ గేటు దాటి పోయాడు. మళ్లీ రాలేదు.

ఆయన ఇక రాడని తెలిశాక నాకు కుదురు లేకుండా పోయింది. అక్క ఏమీ అనేది కాదు, అదే ఇంకా కష్టంగా ఉండేది. కార్తీకంలో ఒక ఆదివారం బండి తీసుకుని బయలుదేరాను. శింగనమల దాటి, చెరువు కట్ట మీదుగా, అడుగుతూ అడుగుతూ ఆయన ఊరు చేరేసరికి పదకొండయింది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వేరుసెనగ కాయ ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

నేను తాగి, గ్లాసు కింద పెట్టి, ఆగకుండా చెప్పేశాను. ఆ రోజు నువ్వు అడిగినదానికి నేను చెప్పింది తప్పు. నాకు సరిగా తెలియక నసిగాను. డాక్టరును కలిశాను, కాగితాలు చూసి చెప్పాడు. ఆమెకు వచ్చింది బీపీ వల్ల, నొప్పి మాత్రల వల్ల. డబ్బాల వల్ల కాదు. నీ చేతివల్ల ఏమీ జరగలేదు. నువ్వు పెట్టిన ఆ కూడే ఆమెకు జన్మలో దక్కిన సుఖమని మా అక్కతో చెప్పింది.

ఆయన మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు. ఒలిచిన గింజలు చేటలో అటూ ఇటూ సర్దాడు.

“అనంతపురం నుంచి బండి మీదే వచ్చినావా సారూ?”

“అవును.”

“ఈ ఎండకు.”

“దానికేంలే. నేను చెప్పింది నమ్ముతావా లేదా?”

“నమ్ముతా,” అన్నాడు వెంటనే. “నువ్వు చెప్తే నమ్మకుండా ఎట్ల? ఇంగ నువ్వు దాన్ని మనసులో పెట్టుకోవద్దు. నిమ్మళంగా పో.”

నేను నిజంగానే నిమ్మళంగా వచ్చాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది. అక్కతో చెబితే, “ఇప్పటికైనా పోయినావు,” అంది.

సంక్రాంతి దాటిన పది రోజులకు గుంతకల్లు నుంచి ఫోను వచ్చింది. ఆయన కూతురు. నాయన నిద్రలోనే పోయాడని, ఆయన ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ చెబుతున్నానని అంది. నేను వస్తానన్నాను. అన్నీ అయిపోయాయని చెప్పింది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

“మీరు ఊరికి వచ్చింటిరంట గదా సార్. చెప్పినాడు.”

“వచ్చినానమ్మా. ఏం చెప్పినాడు?”

వెనక ఎక్కడో రైలు కూత వినిపించింది.

“ఏమనుకోవద్దండి సార్. ‘ఆ సారు శానా మంచోడు పాపా, నా కోసం అబద్ధం చెప్పేకి అంత దూరం ఎండలో బండేసుకోని వచ్చినాడు’ అన్యాడు.”

“అది అబద్ధం కాదమ్మా,” అన్నాను. “నిజమే చెప్పినాను. డాక్టరే చెప్పినాడు.”

“సరే సార్,” అంది ఆ అమ్మాయి మెత్తగా. సరిగ్గా వాళ్ల నాయన గొంతుతోనే.